సైకిల్ స్టాండు పక్కన నూబియా

ఆచార్య మందాకిని ముప్పై ఏళ్ళుగా నూబియా పిరమిడ్ల గురించి పాఠం చెబుతోంది గానీ వాటిని ఒక్కసారీ చూడలేదు. ఇందులో వింతేమీ లేదు. సముద్రపుటొడ్డున, ఇసుకదిబ్బల మీద, సరుగుడు తోటల మధ్య కట్టిన ఆ విశ్వవిద్యాలయంలో హిమానీనదాల గురించి చెప్పే ఆయన మంచుగడ్డని సోడాబండి దగ్గర తప్ప ఎరగడు. చూసినదాని గురించి ఎవరైనా చెబుతారు, చూడనిదాని గురించి గంట కొట్టేదాకా చెప్పగలగడమే చదువు అని ఆ ప్రాంగణంలో ఒక నమ్మకం.

మందాకినికి మాత్రం ఆ నమ్మకం చాల్లేదు. ఆమెకు చూడాలని ఉంది.

నూబియా అంటే ఈజిప్టుకి దక్షిణాన నైలు నది పొడుగునా వెలిసిన పాత రాజ్యం. అక్కడివాళ్ళూ పిరమిడ్లు కట్టుకున్నారు. కాకపోతే ఈజిప్టు వాటిలా బాసింపట్టు వేసుకుని కూర్చున్నట్టుండవు. సన్నగా, నిటారుగా, సినిమా హాలు ముందు క్యూలో నిలబడ్డట్టు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఉంటాయి. వాటి కడుపులో గదులూ సొరంగాలూ ఏమీ ఉండవు. సమాధి మొత్తం కింద, భూమిలో. పైన తూర్పు ముఖంగా చిన్న గుడిలాంటి గది, అందులో పోయినవారికి తిండీ నీళ్ళూ పెట్టే రాతిపళ్ళెం. కొన్ని పళ్ళేల మీద రాతలుంటాయి. ఆ లిపిని చదవగలుగుతున్నారు గానీ అర్థం ఇంకా పూర్తిగా తెలియలేదు. "మన రిజిస్ట్రారు ఆఫీసు సర్క్యులర్ల లాగే" అని మందాకిని ప్రతి ఏడూ క్లాసులో అనేది, పిల్లలు ప్రతి ఏడూ నవ్వేవారు.

నవ్వు అయ్యాక ఒక ఫోటో చూపించేది. ఒక శ్మశానంలో పెద్ద పిరమిడ్ల సందున తవ్వకాల్లో బయటపడిన మోకాలెత్తు పిరమిడ్ అది. ఎవరో చిన్నపిల్ల కోసం కట్టింది. రాజుకి ఎవరైనా కడతారు, కట్టకపోతే ఊరుకోడు గనుక. నడక కూడా సరిగ్గా రాని పిల్లకి ఎవరు కడతారు? అయినా ఎవరో కొలతలు తగ్గించి, అదే వాలుతో, అదే తూర్పు ముఖంతో, ఇటుక మీద ఇటుక పేర్చి కట్టారు. ఆ ఫోటో దగ్గరికొచ్చేసరికి మందాకిని గొంతు ఏటా కాస్త తగ్గేది. ఒక్కసారి వెళ్ళి దాని మీద చెయ్యి వేసి చూడాలన్నది ఆమె కోరిక. ఎవరికీ చెప్పుకోలేదు గానీ క్లాసులో ప్రతివాడికీ తెలుసు.

ఆ శ్మశానంలో తవ్వకాలు నడిపే ఇక్లాస్ అనే ఆవిడతో మందాకినికి ఏళ్ళ తరబడి ఉత్తరాల స్నేహం. ఆ ఏడు ఇక్లాస్ ఈ శీతాకాలం పనికి రమ్మని పిలిచింది. సర్వీసులో ఉన్న అధ్యాపకులనే చేర్చుకోవాలని వాళ్ళ నిబంధన. మందాకిని వేసవిలో రిటైరవుతోంది. అంటే ఈ శీతాకాలం జారిపోతే ఇక ఫోటోయే గతి.

సరిగ్గా అప్పుడే కొబ్బరి వ్యవహారం బయటపడింది. వృక్షశాస్త్రం ఆయనొకడు కొబ్బరిచెట్లు చూసి రావడానికి ద్వీపాంతరం వెళ్ళొచ్చాడు. విశ్వవిద్యాలయం గేటుకి రెండు పక్కలా కొబ్బరిచెట్లే ఉన్నాయని ఆడిట్ వారు కనిపెట్టారు. రిజిస్ట్రారు విశ్వపతి గారు ఆ దెబ్బకి మంచం పట్టి లేచి ఒక సర్క్యులర్ జారీ చేశారు. "విదేశయానము కోరు అధ్యాపకులు, తాము వీక్షింపదలచిన వస్తువు స్థానికముగా లభ్యము కాదని అలభ్యతా ధ్రువపత్రమును దరఖాస్తునకు విధిగా జతపరచవలెను."

అది చదివి మందాకిని సంతోషించింది. తక్కినవాళ్ళకి ఇబ్బంది గానీ తనకేం? నూబియా పిరమిడ్ ఈ చుట్టుపక్కల ఎక్కడా ఉండదు గదా. ఆ మాటే విశ్వపతి గారితో అంటే ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన చెడ్డవాడు కాదు. ఇరవై ఏళ్ళుగా ఏ కాగితం మీదా తనంతట తాను ఒక్క మాట రాయని జాగ్రత్తపరుడు, అంతే.

"ఉందని చెప్పడం తేలికండీ, చూపిస్తే సరిపోతుంది. లేదని చెప్పాలంటే అంతా వెతకాలి. వెతక్కుండా లేదని రాస్తే రేపు ఎక్కడైనా ఒకటి బయటపడిందనుకోండి, నా పింఛను ఆగిపోతుంది" అన్నారాయన.

కాబట్టి ఎస్టేట్ ఆఫీసరు గవర్రాజు అధ్యక్షతన అన్వేషణ సంఘం ఏర్పడింది. గవర్రాజు ప్రాంగణంలో గోడలు, గొట్టాలు, కుక్కలు చూసుకునే మనిషి. పని అప్పగిస్తే ప్రాణం పెడతాడు, ఎందుకని మాత్రం అడగడు. సంఘం జీపు వేసుకుని జిల్లా అంతా నూబియా పిరమిడ్ల కోసం గాలించింది. ఇటుక బట్టీల్లో విచారించింది. సిమెంటు కొట్లలో విచారించింది. అందరూ ప్రస్తుతానికి సరుకు లేదనే అన్నారు, ఒక పెద్ద కొట్టువాడు మాత్రం అడ్వాన్సు ఇస్తే తెప్పిస్తానన్నాడు. దాన్ని లభ్యం కింద రాయాలా, అలభ్యం కింద రాయాలా అని సంఘం దారిపొడుగునా తర్జనభర్జన పడి, తిరిగొచ్చి జీపు సైకిల్ స్టాండు పక్కన ఆపింది. దిగుతూ గవర్రాజు తలెత్తి చూశాడు.

అక్కడ నూబియా పిరమిడ్ ఉంది.

ఉండటానికి కారణం మందాకినే. కొన్నేళ్ళ కిందట విశ్వవిద్యాలయం స్వర్ణోత్సవాల ప్రదర్శనకి ఆమె విద్యార్థులు పురావస్తు శాఖ వెనకగోడ పక్కన పచ్చి ఇటుకలతో నిలువెత్తున్నర పిరమిడ్ ఒకటి కట్టారు. ముందు చిన్న గుడి, గుడిలో పళ్ళెం. దాని పక్కనే, ఆమె అడిగిందని, మోకాలెత్తుది ఇంకొకటి. ప్రదర్శన అయిపోయాక అన్నీ పీకేశారు గానీ వీటి జోలికి ఎవరూ పోలేదు, ఎందుకంటే ఈలోగా పరీక్షలొచ్చాయి. ఎవరో పిల్ల హాల్ టిక్కెట్టు ఆ పళ్ళెంలో పెట్టి దణ్ణం పెట్టుకుంటే గణాంకశాస్త్రం గట్టెక్కిందట. అప్పట్నుంచి పరీక్షలనగానే పళ్ళెం నిండా నిమ్మకాయలు, కలాలు, హాల్ టిక్కెట్లు. చిన్న పిరమిడ్ దగ్గర ఎందుకో చాక్లెట్లు పెట్టేవారు. అది పిల్లదని మందాకిని క్లాసులో చెప్పిన ఫలితం.

గవర్రాజు టేపు తెచ్చి రెండింటినీ కొలిచాడు. మందాకిని దరఖాస్తుకి జతచేసిన కొలతలతో పోల్చాడు. అచ్చుగుద్దినట్టు సరిపోయాయి. సరిపోక ఏం చేస్తాయి, రెండు చోట్లా కొలతలిచ్చింది ఆమే గదా.

"ఆయ్, దొరికేసిందండి! అనవసరంగా జీపు డీజిలు తగలేశాం గానండి, మన వెనకాలే ఉందండి మరి. పెద్దదొకటి, శాంపిలు ముక్కొకటి" అని అతను ఆమెకి స్వయంగా శుభవార్త చెప్పి వెళ్ళాడు.

మందాకిని వెంటనే రిజిస్ట్రారు గారికి అభ్యంతరం రాసింది. ఇది బొమ్మ అనీ, పదేళ్ళయినా నిండలేదనీ, దీని కింద ఏమీ లేదనీ రాసింది. పైగా నూబియాలో గుడి తూర్పున ఉంటుంది, ఇక్కడ తూర్పున సైకిల్ స్టాండు ఉండబట్టి పడమటికి తిప్పి కట్టారు. ఈ తూర్పు సంగతి తిరుగులేని సాక్ష్యమని ఆమె అనుకుంది.

జవాబు వారం తిరక్కుండా వచ్చింది. ఆ ఆఫీసులో అంత వేగం ఎవరూ ఎరగరు. "వయస్సు విషయమై: అది కాలక్రమేణా దానంతట అదియే సమకూరును. క్రింద ఏమియు లేకపోవుట విషయమై: క్రిందిభాగము వీక్షణకు అవసరము లేదు. దిశ విషయమై: ఆమోదిత ప్రణాళిక ననుసరించి మన పిరమిడ్ పడమటి ముఖముగా నున్నది. నూబియాలోనివి ఇందుకు భిన్నముగా నున్నచో, సరిదిద్దుకొనవలసినదిగా సంబంధిత దేశమునకు వ్రాయబడును."

నిజంగానే రాశారు. ఇక్లాస్ ఆ ఉత్తరం అందుకుని మందాకినికి ఒక్క వాక్యం పంపింది, మీ దగ్గర అందరూ క్షేమమేనా అని.

ఉందని తేలాక దాన్ని ఊరికే వదిలెయ్యడానికి వీల్లేదు గదా. ప్రాచీన కట్టడాన్ని రక్షించడం బాధ్యత అని పాలకమండలి తీర్మానించింది. చుట్టూ కంచె వేశారు. కంచె లెక్కలో సైకిల్ స్టాండూ, కాంటీనుకి పోయే అడ్డదారీ కలిసిపోయాయి. ప్రాచీన కట్టడానికి దగ్గర్లో ఆధునిక కట్టడాలు ఉండకూడదన్న నియమం ఒకటి ఎవరో తవ్వి తీశారు. దగ్గర్లో ఉన్న ఆధునిక కట్టడమల్లా పురావస్తు శాఖ. పురావస్తు పరిరక్షణ నిమిత్తం పురావస్తు శాఖకి తాళం పడింది, మందాకిని సరుగుడు చెట్ల కింద పాఠం చెప్పుకోసాగింది.

కంచె గేటుకి "నూబియా (స్థానికం)" అని బోర్డు తగిలించారు. ఉపకులపతి గారు రిబ్బను కత్తిరించి, ప్రపంచమంతా నూబియాకి వెళుతుంటే నూబియా మన దగ్గరికి వచ్చిందని ప్రసంగించారు. పక్కన నిలబడ్డ విశ్వపతి గారు, ఈ ప్రాంతాన్ని సమస్త కార్యాలయ వ్యవహారాల్లోనూ నూబియాగానే పరిగణించాలని ఉత్తర్వు చదివి వినిపించారు. అందరూ చప్పట్లు కొట్టారు. చివర్లో మందాకినికి పూలదండ వేశారు, ఆమె విదేశ పర్యటన మంజూరైనందుకు. నూబియా (స్థానికం)లో ఒక శీతాకాలం క్షేత్ర పరిశోధన, ప్రయాణం కాలినడక.

ఆ సాయంత్రం ఆమె ఇంటికెళ్ళి ఏడ్చింది. ముప్పై ఏళ్ళ చదువు సైకిల్ స్టాండులో తెల్లారిందని ఏడ్చింది. ఏడుపు అయ్యాక మొహం కడుక్కుని ఉత్తర్వు మళ్ళీ ఒకసారి చదివింది. సమస్త కార్యాలయ వ్యవహారాల్లోనూ. ఈసారి ఆమెకు నవ్వొచ్చింది.

మర్నాడు ఆమె వెడల్పు టోపీ, కుంచె, మంచినీళ్ళ సీసా పట్టుకుని విదేశం వెళ్ళింది. కంచె లోపల పెద్ద పిరమిడ్ నీడన మడతకుర్చీ వేసుకుంది. నూబియాలో పొద్దు మనకంటే మూడున్నర గంటలు ఆలస్యం గనుక, అక్కడి కాలమానం ప్రకారం పొద్దున్నే పనిలోకి దిగితే ఇక్కడ కాంటీనులో ఇడ్లీలు అయిపోయే వేళయ్యేది. శుక్రవారం అక్కడ సెలవు కాబట్టి వచ్చేది కాదు. ఆదివారం పని దినం గనుక వచ్చి కూర్చునేది, దానికి వాచ్‌మన్ గేటు తియ్యక తప్పేది కాదు. పరీక్షల సంఘం సమావేశానికి పిలుపొస్తే, ప్రస్తుతం దేశంలో లేనందున హాజరు కాలేనని జవాబు రాసింది. సమావేశం కిటికీలోంచి ఆమె టోపీ కనబడుతూనే ఉంది. అయినా సభ్యులు "విదేశంలో ఉన్నారు" అని నమోదు చేసుకున్నారు, ఉత్తర్వు అలా ఉంది మరి.

ఇలా కొన్నాళ్ళు గడిచాక విశ్వపతి గారికి ఓపిక నశించి స్వయంగా మాట్లాడదామని వచ్చారు. గేటు తోసుకుని లోపలికి రాగానే మందాకిని లేచి నిలబడి నమస్కారం పెట్టింది.

"నూబియాకి దయచెయ్యండి. అలభ్యతా ధ్రువపత్రం తెచ్చుకున్నారాండీ?" అంది.

"నాకెందుకండీ ధ్రువపత్రం?"

"విదేశం వచ్చారు కదండీ. మిమ్మల్నిక్కడ చూశానని రేపు ఆడిట్ వారు అడిగితే చెప్పాల్సి వస్తుంది, అబద్ధం చెప్పలేను. మీరు రిబ్బను రోజు కూడా వచ్చారు. ఉపకులపతి గారూ వచ్చారు."

విశ్వపతి గారు అదాటున ఒక అడుగు వెనక్కి వేశారు. ఆ అడుగు కంచె లోపలే పడింది. ఆయన మొహం తెల్లబోయింది. వెళ్ళిపోదామని తిరిగినవాడు, ఏదో ఒకటి మాట్లాడకపోతే బాగుండదన్నట్టు మోకాలెత్తు పిరమిడ్ కేసి చూశారు. దాని ముందు ఎవరో పెట్టిన చాక్లెట్టు ఎండకి కరుగుతోంది.

"ఇదేమిటండీ, శాంపిలా?"

"కాదండీ. చిన్నపిల్లది. అసలుది అక్కడుంది" అంది మందాకిని. ఆయన వంగి చాక్లెట్టుని నీడలోకి జరిపి వెళ్ళారు.

ఆమె ఎవరి మీదా ఫిర్యాదు చెయ్యలేదు. అవసరం పడలేదు. ఆ నెలలోనే ఆడిట్ వారు వచ్చారు. నూబియా (స్థానికం) ఉత్తర్వు వారి కంట పడింది. సమస్త కార్యాలయ వ్యవహారాల్లోనూ విదేశమైన చోటికి రోజూ సైకిళ్ళు పెట్టుకోవడానికి వెళుతున్న గుమాస్తాలెవరు, కాంటీనుకి విదేశం మీదుగా ఎందుకు వెళుతున్నారు, పక్కనే ఉప్మా లభ్యం కాదని ధ్రువపత్రం ఉందా అని మొదలుపెట్టారు. ప్రాంగణం మొత్తం మీద అనుమతి లేకుండా విదేశయానం చెయ్యనివాడు ఒక్కడూ తేలలేదు, పక్షవాతంతో మంచం దిగని పాత లైబ్రేరియన్ తప్ప. పట్టుగా సాగిన ఆ విచారణ హఠాత్తుగా ఒక మధ్యాహ్నం ఆగిపోయింది. ఆడిట్ వారి కారు వచ్చిన రోజు నుంచీ సైకిల్ స్టాండులోనే ఉందని వారి డ్రైవరు గుర్తు చేశాడు.

ఆడిట్ పెద్ద, రిజిస్ట్రారు తలుపులేసుకుని కూర్చున్నారు. ఇద్దరూ ఇంటికి చేరాలంటే ఆ కంచె లోపలి నేల స్వదేశం కావాలి. స్వదేశం కావాలంటే అది నూబియా కాదని ఎవరో ఒకరు రాయాలి. నూబియా కాదని రాస్తే అక్కడున్నది నూబియా పిరమిడ్ కాదని రాసినట్టే. ఇంత దూరం తర్కం నడిపి చూసుకున్నాక విశ్వపతి గారు కలం తీశారు. "నూబియా పిరమిడ్ మన పరిధిలో అలభ్యమని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది. గతంలో లభ్యమైనట్టు తెలిపిన నివేదికలు పొరపాటున లభ్యమైనవి." బోర్డు ఆ పూటే పీకేశారు. పురావస్తు శాఖ తాళం చెవి మాత్రం ఎంత వెతికినా కనపడక, చివరికి తాళం పగలగొట్టారు.

ఇక్లాస్ వాళ్ళ పని ముగియడానికి కొద్ది రోజుల ముందు మందాకిని నైలు ఒడ్డున దిగింది. అక్కడి గాలిలో ఇసుక తప్ప తన ప్రాంగణాన్ని గుర్తు చేసేది ఏదీ లేదు. ఇక్లాస్ ఆమెని పెద్దవాళ్ళ సమాధుల మధ్య నుంచి తీసుకెళ్ళి చిన్నదాని ముందు నిలబెట్టి, తనకేదో పని ఉన్నట్టు పక్కకి వెళ్ళిపోయింది. మందాకిని మోకాళ్ళ మీద కూర్చుని దాని మీద చెయ్యి వేసింది. ఎండకి ఇటుక వెచ్చగా ఉంది. ముప్పై ఏళ్ళు తను చెప్పిన పాఠంలో ఈ వెచ్చదనం సంగతి లేదని ఆమెకు అప్పుడు తెలిసింది. చాలాసేపు చెయ్యి తియ్యలేదు.

తిరిగి వచ్చాక ప్రయాణానంతర నివేదిక నింపాలి. విశ్వపతి గారు ఫారం ముందు పెట్టుకుని ఒక్కొక్క గడీ అడుగుతున్నారు. చూసిన వస్తువు, పిరమిడ్. ఎత్తు, మోకాలి దాకా. ఆయన కలం ఆపారు.

"మన దాని ఎత్తూ అంతే కదండీ."

"అంతేనండీ. మీ సంఘం కొలత సరిగ్గానే ఉంది."

"మరి మన దగ్గర లేనిది అక్కడ ఏముందండీ? ఆడిట్ వారు మొదట అడిగేది అదే."

"కింద పాప ఉందండీ" అంది మందాకిని. "రెండేళ్ళు ఉండొచ్చునన్నారు. మెడలో నీలం పూసలు దొరికాయి. నా చేతిలో పెట్టి చూపించారు."

విశ్వపతి గారు ఫారం అటూ ఇటూ తిప్పి చూశారు. దానికి గడి లేదు. గడుల బయట, మార్జిన్‌లో, చిన్న అక్షరాలతో "క్రింద పాప కలదు. వయస్సు సుమారు రెండేళ్ళు" అని రాశారు.

మందాకిని రిటైరయ్యే వారంలో ఆడిట్ వారి అభ్యంతరం రానే వచ్చింది. నివేదికలో ఉదహరించిన పాప వయస్సుకు ఆధారంగా ధ్రువపత్రమేదీ జతపరచలేదు, వివరణ కోరడమైనది. అది చూసి ఆమె నిట్టూర్చి, ఇక దీనికి తను ఏం రాయాలా అని ఆలోచిస్తూ రిజిస్ట్రారు ఆఫీసుకి వెళ్ళింది. రాయక్కర్లేదట. జవాబు అప్పటికే వెళ్ళిపోయింది. ఎవరినీ అడగకుండా, ఏ సంఘమూ వెయ్యకుండా విశ్వపతి గారే సొంత దస్తూరీతో రాశారట. నకలు ఆమెకి ఇచ్చి, ఆయన కిటికీలోంచి సైకిల్ స్టాండు వైపు చూస్తూ కూర్చున్నారు.

"సదరు పాపకు ఆమె తల్లిదండ్రులు పిరమిడ్ కట్టియున్నారు. అంతకు మించిన ధ్రువపత్రము మా వద్ద అలభ్యము."

ఆ ఆఫీసు నుంచి వెలువడిన కాగితాల్లో చదవగానే అర్థం కూడా తెలిసింది మందాకినికి అదొక్కటే.